కల్లాపి నీళ్లు

మా అమ్మకు దేవుడి మీద ఉన్న భక్తి కంటే వాకిలి మీద ఉన్న పట్టింపు ఎక్కువ. దీపం పెట్టడం ఎప్పుడైనా మరిచిపోతుందేమో గానీ తెల్లారేసరికి ఇంటి ముందు నీళ్లు చల్లడం మరిచిపోదు. బర్మాలో మేముండే ఈ తాకేటా పేటలో మా సందు సిమెంటుది. మట్టి లేదు, పేడ దొరకదు, అణగాల్సిన దుమ్ము కూడా పెద్దగా లేదు. అయినా బకెట్టు పక్కన పెట్టుకుని, వంగి, చేత్తో నీళ్లు చిలకరించి, తడి ఆరకముందే బియ్యప్పిండితో ఓ చిన్న ముగ్గు వేస్తుంది. జ్వరం వచ్చినా అంతే. తుపాను వచ్చి సందులో రేకులు ఎగిరిపోయిన ఏడు, వాన వెలిసిన తెల్లారి, ఆకాశం నుంచి అన్ని నీళ్లు పడ్డ వాకిట్లోనే మళ్లీ నీళ్లు చల్లింది. వాన నీళ్లు లెక్కలోకి రావట.

మాలో ఇంటి ముందు నీళ్లు చల్లలేదంటే ఆ ఇంట్లో మనిషి పోయారని అర్థం. మా ముత్తాతలు విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి ఈ రేవులో బస్తాలు మోయడానికి వచ్చినప్పుడు ఏమేం తెచ్చుకున్నారో నాకు తెలీదు. ఈ పని మాత్రం తెచ్చుకున్నారు. భాష సగం పోయింది. మా ఇళ్లలో పిల్లలు తెలుగు వింటారు, జవాబు బర్మా భాషలో చెబుతారు. కల్లాపి మాత్రం పోలేదు. నేను దాన్ని పట్టించుకునే మనిషిని కాదు. రేవు దగ్గర సేక్కాన్‌లో ఓడ సరుకు విడిపించే ఆఫీసులో నా ఉద్యోగం. పొద్దున్నే బస్సు పట్టుకోవాలి. తడి వాకిట్లో చెప్పులు జారతాయి అన్నదొక్కటే ఈ విషయంలో నా అభిప్రాయం.

చెల్లి అమ్మ పోలిక. నాకంటే బాగా చిన్నది. అది పని చేసే బట్టల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడ ఇంకేమీ దొరక్క, ఏజెంటును పట్టుకుని సైప్రస్ వెళ్లింది. మధ్యధరా సముద్రంలో అదో దీవి, చల్లగా పచ్చగా ఉంటుందని ఏజెంటు చెప్పాడు. ఫొటో కూడా చూపించాడు. నీలం సముద్రం, తెల్ల గోడలు, ద్రాక్ష పందిరి. అమ్మ ఆ ఫొటో కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, "వాకిలి బాగున్నాది" అంది.

కొండల్లో ఓ చిన్న ఊరు. ఒంటరిగా ఉంటున్న ముసలావిడను చూసుకోవాలి. కొడుకు పట్నంలో ఉంటాడు, ఆదివారం ఆదివారం వచ్చి చూసి పోతాడు. చెల్లి ఆవిడను 'యాయా' అని పిలుస్తుంది. అక్కడ నాయనమ్మలను, అమ్మమ్మలను అలాగే పిలుస్తారట. చెల్లి కాగితాలు ఆ ఒక్క ఇంటికే కట్టేసి ఉన్నాయి. ఆ ఇల్లు వద్దనుకుంటే వెనక్కి రావడమే. వెనక్కి వస్తే ఇక్కడి ప్రభుత్వం మళ్లీ బయటికి వెళ్లనిచ్చే రోజులు కావివి. నా జీతం చాలక దాని ఉద్యోగం మీదే మా ఇల్లు నడుస్తోంది కాబట్టి, యాయా ఆరోగ్యం గురించి మా ఇంట్లో రోజూ వాకబు జరిగేది. అమ్మ ఆవిడ మోకాళ్ల కోసం మొక్కుకుంది కూడా.

"పచ్చగా ఏటీ నేదక్కా," అంది చెల్లి వెళ్లిన కొత్తలోనే ఫోన్లో. "కొండలన్నీ మాడిపోయిన రొట్టెల్లాగున్నాయి."

వాళ్లకు వాన పడేది చలికాలంలోనట. వరసగా కొన్ని చలికాలాలు సరిగా పడలేదు. కొండ కింద జలాశయం అడుగంటి, ఎప్పుడో దాన్ని కట్టినప్పుడు మునిగిపోయిన పాత చర్చి బయటికొచ్చింది. జనం కార్లేసుకుని వెళ్లి, దాని గోడల పక్కన నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. ఆలివ్ కాయలు శనగల్లా ఉండగానే రాలిపోతున్నాయి. ద్రాక్ష తీగ మీదే ఎండిపోతోంది. ఒక రోజు అవతలి కొండ అంటుకుంది. వాళ్ల ఊరిదాకా రాలేదు గానీ, ఆరేసిన దుప్పట్ల మీద బూడిద పడింది. మళ్లీ ఉతుకుదామంటే నీళ్లు లేవు. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చినప్పుడు మేడ మీద ట్యాంకు నింపుకుని సరిపెట్టుకోవాలి. యాయా పెళ్లయి ఆ ఊరికి వచ్చినప్పుడు ఇంటి వెనక వాగు వేసవి మొదలయ్యేదాకా పారేదట. ఇప్పుడు ఆ వాగులో కార్లు నిలుపుతున్నారు.

ఇదంతా వింటూ నేను పెద్దగా జాలిపడలేదు. మా బాధ మాకుంది. వేసవి మూడు నెలలూ మా గొట్టపుబావి నీళ్లు ఉప్పగా వస్తాయి, నా చిన్నప్పుడు అలా ఉండేవి కావు. కరెంటు ఉంటే మోటారు ఆడుతుంది, లేకపోతే అదీ లేదు. వానాకాలంలో పున్నమికీ అమావాస్యకీ పజుందాంగ్ కాలువ పోటెక్కి, మురుగు కాలవల్లోంచి తన్నుకొచ్చి సందులోకి వస్తుంది. అక్కడ నీళ్లు లేవు, ఇక్కడ నీళ్లు పనికిరావు. ఏజెంటు చూపించిన ఫొటో ఏ కాలం నాటిదో అని మాత్రం అనుకునేదాన్ని.

ఆగస్టులో ఒక ఆదివారం కొడుకు వచ్చేసరికి ట్యాంకులో చుక్క లేదు. మర్నాటి దాకా కుళాయి రాదు. గాలి పొయ్యి మీంచి వచ్చినట్టు వీస్తోంది. యాయా మంచం మీద కళ్లు మూసుకుని పడుకుంది, నుదుటి మీద గుడ్డ ఎండిపోయి గట్టిపడింది. అతను కారులో ఉన్న సీసాల నీళ్లతో ఆవిడ తలా మెడా తడిపి, కాసిని తాగించి, తేరుకున్నాక బయటికి వెళ్లి ఎదురింటి వాళ్లను అడిగాడు. వాళ్లు ఉన్నదున్నట్టు చెప్పారు. ఈ పిల్ల రోజూ తెల్లారకముందే వాకిట్లో నీళ్లు పారబోస్తోంది అన్నారు. ఆ వేసవిలో ముంగిళ్లు కడగడం ఆ ఊళ్లో నిషేధం. అందరికీ తెలిసిన సంగతి.

"రోజూనా?" అన్నాను నేను, చెల్లి ఫోన్లో ఇదంతా చెబుతుంటే.

"ఒక్క బకెట్టే అక్కా. సగమే. లేవగానే చెయ్యి బకెట్టు మీదకే ఎల్లిపోతాది. అది నీళ్లు పాడుసెయ్యడం అని నాకు తట్టనే నేదు. ముగ్గు కూడా వెయ్యట్లేదు, సుద్దముక్కతో చిన్న గీత."

నాకు ఒళ్లు మండింది. సముద్రాలు దాటి వెళ్లి, చుక్క నీటికి కటకటలాడే ఊళ్లో, పరాయివాళ్ల ట్యాంకులోంచి తీసి కల్లాపి చల్లేవాళ్లు మాలో తప్ప ఎక్కడుంటారు? చెడామడా తిట్టాను. కొడుకు మంచివాడే. అరవలేదట. అరిస్తే బాగుండేది అంది చెల్లి. ఇంకోసారి ఇలా జరిగితే ఏజెంటుకు చెప్పి పంపించేస్తాను, ఏమనుకోవద్దు అన్నాడట మెల్లగా.

మానేసింది. అక్కడితో అయిపోవాల్సింది. కానీ రెండు మూడు రోజులకు యాయా అడిగింది, పొద్దున్నే ఆ చప్పుడు వినిపించడం లేదేమని. ఆవిడకు అంతకుముందు నుంచే తెలుసు. నిద్రపట్టక పడుకుని, రోజూ ఆ నీళ్లు నేల మీద పడే చప్పుడు వింటూ ఉండేదట. ఎందుకు చేసేదానివి అని అడిగింది. మా ఇంటి అలవాటు అని చెప్పి ఊరుకోవచ్చు కదా. మా వాళ్లు ఒక సంగతి మొదలుపెడితే కొస దాకా చెప్పందే ఊరుకోరు. వచ్చిన గ్రీకు ముక్కల్లో, చేతులు తిప్పుతూ, అంతా చెప్పేసింది. వాకిలి పొడిగా ఉంటే ఆ ఇంట్లో మనిషి పోయినట్టు లెక్క అని కూడా చెప్పింది.

యాయా కిటికీలోంచి తన వాకిలి చూసింది. తర్వాత ఆ సందులో మిగతా వాకిళ్లు చూసింది. సగం ఇళ్లు తాళాలేసి ఉన్నాయి. నీళ్లు లేక కొందరు, పిల్లల దగ్గరికి కొందరు, మరి రాని చోటికి కొందరు వెళ్లిపోయారు. అన్నీ పొడిగానే ఉన్నాయి.

మర్నాడు చెల్లి లేచేసరికి ఆవిడ కుర్చీ గుమ్మం దగ్గరికి లాగించుకుని కూర్చుని ఉంది. నీళ్లు పొయ్యి అంది. ట్యాంకు నీళ్లు కాదు, పెరట్లో తొట్టిలో పట్టి ఉంచిన నీళ్లు పొయ్యమంది. కూరలు కడిగినవీ, బియ్యం కడిగినవీ అందులో పోసి ఉంచుతారు, పెరటి నిమ్మచెట్టు కోసం. కొడుకు పుట్టిన ఏడు ఆవిడ భర్త నాటిన చెట్టు అది. ఊళ్లో చెట్లన్నీ మాడిపోతున్నా అదొక్కటీ ఆ తొట్టి నీళ్లతో బతుకుతోంది. చెల్లి వద్దంది. చెట్టుకి కదా అంది. యాయా వినలేదు. ఇంట్లో నేను ఉన్నానని తెలియాలి అందట. పొయ్యక తప్పింది కాదు.

అలా వారం గడిచింది. ఆదివారం కొడుకు వచ్చి తడి గుమ్మం చూశాడు, ఆకులు ముడుచుకుపోయిన చెట్టు చూశాడు. ఈసారి అరిచాడు. ఎనభై దాటిన మనిషి బుర్రలోకి చావు భయం ఎక్కించావు అన్నాడు చెల్లితో. యాయా కొడుకును కసిరింది, ఇది నా ఇల్లు అంది. అతను కారెక్కుతూ చెల్లితో చెప్పింది ఒకటే. నువ్వే పెట్టావు, నువ్వే మాన్పించు. వచ్చే ఆదివారానికి ఆ గుమ్మం తడిగా ఉంటే, మా అమ్మకు ఇంకో మనిషిని చూసుకుంటాను.

చెల్లి ఏడుస్తూ ఫోన్ చేసింది. "నాను సెప్తే ఇనట్లేదక్కా. నీళ్లు పొయ్యకపోతే అన్నం ముట్టట్లేదు. అమ్మ చేత సెప్పించు. పెద్దావిడ కదా, అమ్మ మాటైతే ఇంటాది."

అమ్మకు చెప్పాను. సగం విని అమ్మ మొహం వెలిగిపోయింది. "బుద్ది గల మనిషి," అంది యాయాని. "పరాయి జాతి అయినా ఎంత బాగా తెలుసుకున్నాది."

"అమ్మా, నీ కల్లాపి వల్ల దాని ఉద్యోగం పోతాది," అన్నాను. గట్టిగానే అన్నాను. "వెనక్కి పంపించీస్తారు. అప్పుడు ఏటి సేస్తావు?"

అమ్మ వంటింట్లోకి వెళ్లింది. కాసేపు గిన్నెలు అటూ ఇటూ సర్దింది. తిరిగొచ్చి, "ఏటని సెప్పమంటావు?" అంది.

"మన ఇంట్లో కూడా మానీసినాం, ఏటీ అవ్వనేదు అని సెప్పు."

"నాను మాననేదు కదే."

"ఆవిడొచ్చి సూస్తాదేటి?"

అమ్మ నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. కానీ సరేనంది.

శనివారం సాయంత్రం వీడియో కాల్ కుదిరింది, వాళ్లకు మధ్యాహ్నం భోజనాల వేళ. అమ్మ ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, ఫోను ఎదురుగా పీట మీద కూర్చుంది. అవతల నల్ల గుడ్డ తలకు చుట్టుకున్న ముసలావిడ కనిపించింది. మనిషి ఎండిపోయి ఉంది, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ఇద్దరూ ముందు మోకాళ్ల గురించి మాట్లాడుకున్నారు. చెల్లి మధ్యలో కూర్చుని ఇటు మాట అటూ అటు మాట ఇటూ చెబుతోంది. అమ్మ బర్మా మందు నూనె ఒకటి చెప్పింది. యాయా ఏదో ఆకు చెప్పింది. ఇది ఇలాగే సాగితే కరెంటు పోయి ఫోను ఆగిపోతుందని నాకు భయం పట్టుకుంది. పక్కనుంచి మోచేత్తో పొడిచాను.

అమ్మ గొంతు సవరించుకుంది. "ఆవిడకి సెప్పు. మా ఇంట్లో నీళ్లు సల్లడం మానీసినాం. నీళ్లకి ఇబ్బంది కదా. మానీసి సాన్నాళ్లయింది."

చెల్లి ఆ మాట చెబుతూ తల దించుకుంది. యాయా విని, మీ గుమ్మం చూపించండి అంది.

ఇది మేం అనుకోలేదు. పొద్దున వేసిన ముగ్గు వాకిట్లో ఉంటుంది. నేను ఫోను పట్టుకుని, ఏదో ఒక వంక చెబుదామని తలుపు దాకా నడిచాను. తలుపు తీస్తే ముగ్గూ లేదు, వాకిలీ లేదు. అమావాస్య పోటు. కాలువ నీళ్లు సందు నిండా పరుచుకుని మా మెట్టు దాకా వచ్చాయి. ఎవరిదో రబ్బరు చెప్పు తేలుతూ పోతోంది. నేను ఫోను అటు తిప్పి పట్టుకున్నాను. అన్ని నీళ్లు ఒక్కచోట ఆవిడ చూసి ఎన్నేళ్లయిందో.

"అవి తాగొచ్చా అని అడుగుతున్నాదక్కా," అంది చెల్లి.

అమ్మ లోపల్నుంచే చెప్పింది. "ఉప్పు. మురుగు. మేం సీసా నీళ్లు కొనుక్కుని తాగుతాం."

యాయా తల ఊపింది. మళ్లీ అమ్మను చూపించమంది. నేను లోపలికి వచ్చి ఫోను పీట ముందు పెట్టాను. ఆవిడ ఫోనుకు బాగా దగ్గరగా వంగి, మెల్లగా ఒక మాట అడిగింది. చెల్లి దాన్ని తెలుగులోకి మార్చడానికి కాస్త తడుముకుంది. నీళ్లు చల్లడం మానేశాక మీ ఇంట్లో ఎవరైనా పోయారా అని.

అమ్మ నా వైపు చూడలేదు. తెరలో ఆవిడ కళ్లలోకే చూసింది. "నేదు," అంది. "అందరం ఉన్నాం. నువ్వూ ఉంటావు. సెట్టుకి పొయ్యి తల్లీ ఆ నీళ్లు."

మర్నాడు సాయంత్రం చెల్లి నుంచి కబురు వచ్చింది. పొద్దున్న యాయా కుర్చీ గుమ్మం దగ్గరికి లాగించలేదు. తొట్టి నీళ్లు తనే నిలబడి చెట్టు మొదట్లో పోయించింది. కొడుకు వచ్చి గుమ్మం చూశాడు, చెట్టు చూశాడు, చెల్లిని ఉండమన్నాడు. నా గుండె మీంచి బరువు దిగింది. అమ్మకు చెబితే ఒక్కసారి తల ఊపింది. ఆ పొద్దున మా వాకిట్లో పోటు వదిలిపోయిన బురద ఉంది. అమ్మ దాన్ని చీపురుతో ఊడ్చి లోపలికి వచ్చేసింది. బురద కదా, అందుకే నీళ్లు చల్లలేదు అనుకున్నాను.

ఆదివారం పోటు మా మెట్టు దాకా రాలేదు, సోమవారానికి బురద తడి కూడా ఆరిపోయింది. నేను ఆఫీసుకు తయారై వచ్చి తలుపు తీస్తే వాకిలి పొడిగా ఉంది. జారుతుందని అలవాటుగా మెల్లగా వేసిన అడుగు గట్టిగా ఆనింది. అమ్మ మెట్టు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఒంట్లో బాగోలేదా?" అన్నాను.

"బాగానే ఉంది."

"మరి?"

"సెప్పీసినాను కదే, మానీసినామని."

"ఉద్యోగం నిలబడిందిగా అమ్మా. ఆవిడకి ఎలా తెలుస్తాది?"

"ఆవిడ పేణం మీద మాట అడిగింది," అంది అమ్మ. "నాను ఒట్టి అబద్దం సెప్పి, ఇక్కడ సల్లుకుంటూ కూకుంటే, అక్కడ ఆవిడకేటైనా అయితే? ఆ మాట నిజమవ్వాలి కదా."

నేను బకెట్టు తీసుకుని నేను చల్లుతానన్నాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ అనని మాట. అమ్మ నా చేతిలోంచి బకెట్టు తీసి పక్కన పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఆ పని మానమని నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్క లేదు, మానేస్తే చూడలేకపోయాను.

అప్పటికే సందు చివరి నుంచి మా తెలుగువాళ్లు ఇద్దరు ఆడవాళ్లు వస్తున్నారు. ఒకావిడ చేతిలో కూరల సంచీ అలాగే ఉంది. మా వాకిలి ముందు ఆగి, చెప్పులు విడిచి, నేల వైపు చూస్తూ నిలబడ్డారు. ఎవరు పోయారని అడగడానికి వాళ్లకు నోరు రాలేదు. నా వెనక కూర్చున్న అమ్మ వాళ్లకు కనిపించడం లేదు. నేను పక్కకు జరిగాను.

"ఎవలూ పోనేదు," అంది అమ్మ. "రండి, లోపలికి రండి."